సెంట్రిక్ రిలేషన్ బైట్ (దవడ కీలు సరైన చోట కూర్చున్నప్పటి కాటు అచ్చు) రెండోసారి తీస్తే కలవట్లేదు

(దంతవైద్యుల చర్చ; పేర్ల బదులు వాళ్ల ఊళ్లు)

పర్లాకిమిడి: ఆర్థో (పళ్ల వరస సరిచేసే) కేసుకి మైనంతో రెండు బైట్లు తీస్తే, ఆర్టిక్యులేటర్ (దవడ కదలికను అనుకరించే పరికరం) మీద మిల్లీమీటరు తేడా. తప్పు చేతిదా, మైనానిదా?

రాయగడ: ముందు కండరాల అలవాటు మరిపించాలండీ. లేకపోతే దవడ పాత కాటుకే పరిగెడుతుంది. ముందుపళ్ల మధ్య లీఫ్ గేజ్ (పల్చటి ఆకుల కట్ట) పెట్టి, వెనకపళ్లు ఎక్కడా తగలనంతవరకు ఆకులు పెంచండి. ఐదు నిమిషాలు మెల్లగా కొరికి ఉంచమనండి. గడ్డాన్ని వెనక్కి నెట్టారంటే కాండైల్ (కీలులో కూర్చునే దవడ ఎముక కొన) కిందికి, వెనక్కి జారిపోతుంది, రికార్డు పోయినట్టే.

బరంపురం: నన్నడిగితే మైనమే దొంగ. మే ఎండకి టేబుల్ మీదే వంగిపోతుంది. చల్లటి నీళ్లలో ముంచి గట్టిపరిచి, వెంటనే మౌంట్ చేయండి (పళ్ల మోడల్‌ని ఆర్టిక్యులేటర్‌కి బిగించండి). కుదిరితే పాలీవినైల్ సిలోక్సేన్ (రబ్బరులా గట్టిపడే అచ్చు పదార్థం) వాడండి. కస్ప్ (పన్ను నమిలే కొన) గుర్తులు లోతుగా పడితే చెక్కేయాలి, కొనల గుర్తులు మాత్రమే మిగలాలి. లేదంటే మోడల్ పూర్తిగా కూర్చోదు.

రాయగడ: మోడల్ మీద బుడగలూ చూడండి, అదీ మామూలు దొంగే. మనవైపు గుట్కా ఎక్కువ కదా, నోరు 35 మిల్లీమీటర్లు కూడా తెరుచుకోకపోతే ఫైబ్రోసిసా (నోటి లోపలి పొర బిగుసుకుపోవడం), కీలు సమస్యా ముందు తేల్చుకోండి. కీలు నొప్పిగా ఉంటే ఏ బైటూ నిలకడగా రాదు, ముందు స్ప్లింట్ (పళ్ల మీద పెట్టే తొడుగు).

పర్లాకిమిడి: మౌంటింగ్ సరైందో కాదో ఎలా తెలుస్తుంది?

బరంపురం: ఆర్టిక్యులేటర్‌లో మొదట తగిలే పన్నే, దవడను అదే స్థితిలో మూయిస్తే నోట్లోనూ మొదట తగలాలి. తగిలిన చోట రంగు అంటించే ఆర్టిక్యులేటింగ్ పేపర్‌తో చూడండి.