బోడుప్పల్ నుంచి హనుమకొండకి: అందరం మారాలా, ఆయన ఒక్కరే వెళ్ళాలా?

బోడుప్పల్_అమ్మాయి

మా ఆయన సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగి, ఏ ఆఫీసో వద్దులెండి, వరంగల్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది. వచ్చే నెలాఖరుకి జాయిన్ అవ్వాలి. నాది ఐటీ, ఆఫీసు రాయదుర్గంలో, వారానికి రెండు రోజులు వెళ్ళాలి, మిగతా రోజులు ఇంటి నుంచే. బాబు మూడో తరగతి అయిపోవస్తోంది. బోడుప్పల్‌లో సొంత ఫ్లాట్, ఈఎంఐ తీరడానికి ఇంకా చాలా ఏళ్ళుంది.

ఆయనేమో అందరం వెళ్దాం, హనుమకొండలో ఇల్లు తీసుకుందాం, హాయిగా ఉంటుంది అంటున్నారు. మా అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి "ఉద్యోగం సంగతి తర్వాత చూసుకోవచ్చులే" అన్నారు, దాని గురించి రాయడం మొదలుపెడితే అదో పెద్ద కథ.

నాకూ ఇక్కడ విసుగొచ్చిన మాట నిజమే. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది, మా వాడికి ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పిల్లర్లే కనిపిస్తున్నాయి. మార్చి వస్తే ట్యాంకర్ల కోసం ఫోన్లు. కానీ పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే, వేరే ఊళ్ళో ఒక నెల కూడా ఉండలేదు. అక్కడికి మారిన వాళ్ళు నిజంగా ఎలా ఉంటుందో చెప్పండి. గుళ్ళూ కోటా బాగుంటాయని నాకూ తెలుసు, ఆదివారం చూసి రావడానికి కాదు కదా, మంగళవారం పొద్దున ఎలా ఉంటుందో కావాలి. వారానికి రెండు రోజులు రాయదుర్గం రావడం అయ్యే పనేనా?

కాజీపేట_జంక్షన్

మేము తార్నాక నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్నాం, నాది కూడా మీలాగే సగం ఇల్లు సగం ఆఫీసు, కాబట్టి ముందు ప్రయాణం గురించే చెప్తాను, మిగతావన్నీ దాని తర్వాతే.

హనుమకొండ నుంచి ఉప్పల్ దాదాపు 140 కిలోమీటర్లు. బస్సు ఎక్కి ఉప్పల్‌లో దిగి మెట్రో పట్టుకుంటే అదే లైన్ నేరుగా రాయదుర్గం వెళ్తుంది, అందులో ఇంకో గంట దాకా పోతుంది. అంటే ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా నాలుగు గంటలు అనుకోండి, అదీ ఘట్‌కేసర్ దాటాక ట్రాఫిక్ దయ తలిస్తే. మీ నారపల్లి పిల్లర్లు మాకూ అడ్డమే, వాటిని తప్పించుకుని పోతున్నానని మాత్రం అనుకోవద్దు! పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేద్దాం అంటే మొదటి నెల చేస్తారు, రెండో నెల జ్వరం వస్తుంది. మీ మేనేజర్‌తో మాట్లాడి ఆ రెండు రోజులూ పక్కపక్కన పెట్టుకోండి, మధ్యలో రాత్రి పుట్టింట్లో పడుకోండి. పుట్టిల్లు హైదరాబాద్‌లోనే అయితే మీ సమస్యలో సగం తీరినట్టే. ఆ వెసులుబాటు లేని వాళ్ళకి మారమని నేను చెప్పను.

రైళ్ళు బోలెడున్నాయి, ఢిల్లీ లైనూ విజయవాడ లైనూ కాజీపేటలోనే కలుస్తాయి కాబట్టి రెండు వైపుల బండ్లూ దొరుకుతాయి. కాకపోతే పొద్దున ఆఫీసు టైముకి సరిగ్గా చేర్చేవి తక్కువ. రాత్రంతా నడిచి వచ్చే బండ్లు తెల్లవారకముందే ఇక్కడ ఆగుతాయి, పగటి బండ్లు సికింద్రాబాద్ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. విశాఖ వందే భారత్ వరంగల్‌లో ఆగుతుందని అందరూ ఊరిస్తారు, ఆ టైమింగ్స్ మీ ఆఫీసుకి పనికి రావు. ఇంకో సంగతి, 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బండ్లు అక్కడితోనే ఆగిపోతున్నాయి. బోడుప్పల్ వాళ్ళకి అది పక్కనే, రాయదుర్గం వెళ్ళాల్సిన వాళ్ళకి మాత్రం అక్కడి నుంచి ఇంకో ప్రయాణం. టికెట్ తీసుకునే ముందు ఎక్కడిదాకా వెళ్తుందో చూసుకోండి.

ఇల్లు కాజీపేట, ఫాతిమానగర్, ఎన్ఐటీ వైపు చూడండి, హైదరాబాద్ రోడ్డు ఎక్కడం తేలిక. భీమారం, హసన్‌పర్తి వైపు అద్దెలు చూసి ఆశపడతారు, అది కరీంనగర్ రోడ్డు, ఊరంతా దాటి రావాలి. ఇంటర్నెట్‌కి ఇబ్బంది లేదు, ఫైబర్ బాగానే ఉంది. కరెంటు పోయినప్పుడే తంటా, చాలా అపార్ట్‌మెంట్లలో జనరేటర్ లిఫ్టుకీ మోటారుకీ తప్ప ఇంట్లోకి ఇవ్వరు, ఇన్వర్టర్ మీరే పెట్టించుకోవాలి. క్లయింట్ కాల్ మధ్యలో తెలుస్తుంది దాని విలువ.

డబ్బులు మిగులుతాయా అంటే, అద్దె తగ్గుతుంది, అంతే. సరుకులు అదే రేటు, స్కూల్ ఫీజులు మరీ తక్కువేం కాదు, పైగా బస్సు ఛార్జీలు తోడవుతాయి. కానీ మా ఆయన ఆఫీసు నుంచి పావుగంటలో ఇంటికొస్తాడు. తార్నాకలో ఉన్నప్పుడు పిల్లలు పడుకున్నాక వచ్చేవాడు. ఇప్పుడు హోంవర్క్ ఆయన చేయిస్తాడు, దాని కోసమే నేను ఆ బస్సు ఎక్కుతున్నాను.

నయీంనగర్_తమ్ముడు

అక్కా, పైన మేడమ్ చెప్పని రెండు సంగతులు. ఒకటి కోతులు. నవ్వకండి. బాల్కనీకి గ్రిల్ లేని ఇల్లు తీసుకోవద్దు, ఫ్రిజ్ తెరిచి టమాటాలు పట్టుకుపోయిన కోతిని మా ఇంట్లోనే చూశాను, బట్టలు ఆరేస్తే కాపలా ఉండాలి.

రెండోది వాన. 2020 ఆగస్టులో మునిగింది, 2023 జూలైలో మునిగింది, 2025 అక్టోబర్‌లో మొంథా తుఫానుకి మళ్ళీ మునిగింది. మా నయీంనగర్ నాలా, హంటర్ రోడ్ వైపు కాలనీలు, ఎన్టీఆర్ నగర్, సమ్మయ్య నగర్, ఈ పేర్లు అప్పుడు టీవీలో మీరూ వినే ఉంటారు. ఒకప్పుడు గొలుసుకట్టు చెరువుల ఊరు ఇది, ఆ నీళ్ళు పోయే దారుల మీద ఇళ్ళు లేచాయి. కాబట్టి బ్రోకర్‌ని అడగొద్దు, ఆ వీధిలో కిరాణా కొట్టు ఆయన్ని అడగండి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద గీత కూడా చూపిస్తాడు.

బతుకమ్మకి మాత్రం ఇక్కడ ఉండండి. ఎంగిలిపూల రోజు వేయిస్తంభాల గుడి దగ్గర చూశాక ట్యాంక్‌బండ్ మీద జరిగేది మీకు ఆనదు. (హైదరాబాద్ వాళ్ళు కొట్టడానికి రావద్దు.) మేడారం జాతర ఏడాది అయితే ఆ వారం హైవే మీదికి వెళ్ళే ఆలోచనే పెట్టుకోకండి, వర్క్ ఫ్రమ్ హోం పెట్టేయండి.

మళ్ళీ_ఉప్పల్

వెళ్ళి తిరిగొచ్చిన వాణ్ణి కాబట్టి నా వైపు నుంచి కూడా వినండి. ఊరు మీద నాకు కోపం లేదు, చాలా వాటిల్లో ఇక్కడికంటే బాగుంది. మా నాన్నకి గుండె సమస్య వచ్చింది. అక్కడ ఎంజీఎం, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, ప్రైవేటు ఆసుపత్రులు వీధికొకటి. మామూలు రోగాలకి లోటు లేదు. కొంచెం కాంప్లికేట్ అయితే మాత్రం "హైదరాబాద్ తీసుకెళ్ళిపోండి" అన్న మాటే విన్నాం, అర్ధరాత్రి అంబులెన్స్‌లో జనగామ దాటుతుంటే పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. పెద్ద సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కడుతున్నారు, 2021లో శంకుస్థాపన అయింది. అది పూర్తిగా నడిస్తే నా మాట మారుతుందేమో. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా రెగ్యులర్‌గా చూపించుకునే స్థితిలో ఉంటే ముందు ఆ లెక్క వేసుకోండి.

రెండోది మీ ఉద్యోగం. ఈ కంపెనీ రెండు రోజులు రమ్మంటోంది సరే, రేపు ఐదు రోజులు రమ్మంటే? లేదా మీరే కంపెనీ మారాలనుకుంటే? మడికొండ ఐటీ పార్కులో 2020 నుంచి టెక్ మహీంద్రా, సైయెంట్ ఉన్నాయి, ఇంకా కొన్ని వచ్చాయి, కానీ గచ్చిబౌలిలో రోడ్డు దాటితే ఇంకో కంపెనీ దొరికినట్టు అక్కడ దొరకదు. ట్రాన్స్‌ఫర్ ఆయనది, ఆయన సీనియారిటీకి ఏమీ కాదు. రిస్క్ అంతా మీ వైపే పడుతుంది. అది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి, మీ అత్తగారు లేనప్పుడు.

బోడుప్పల్_అమ్మాయి

చివరి లైన్‌కి దండం అండీ 😄

పుట్టిల్లు హబ్సిగూడలోనే, మెట్రో స్టేషన్‌కి నడిచే దూరం, కాబట్టి ఒక రాత్రి ఉండటం ఇబ్బంది కాదు. పెద్దవాళ్ళ ఆరోగ్యం ప్రస్తుతానికి బాగానే ఉంది. ఇంకో డౌటు, ఆయన పోస్టింగ్ రెండు మూడేళ్ళు అంటున్నారు, తర్వాత మళ్ళీ హైదరాబాద్ రావచ్చు. బాబుని నాలుగు, ఐదు అక్కడ చదివించి ఆరుకి వెనక్కి తెస్తే ఏమైనా నష్టమా?

బడి_పంతులు

చదువుకి నష్టం లేదు, ఆ వయసు పిల్లలు పెద్దవాళ్ళకంటే ముందే కలిసిపోతారు. కానీ లోకల్ సంగతి చాలామంది ఆలోచించరు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకి ఒకటి నుంచి ఏడు తరగతుల్లో కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడ లోకల్, పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్ళకే. (ఇంతకుముందు నాలుగు నుంచి పది చూసేవారు, ఆ పాత లెక్కే ఇంకా చాలామంది చెప్తుంటారు.) మీ వాడు ఒకటి రెండు మూడు బోడుప్పల్‌లోనే చదివాడు కాబట్టి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో మూడేళ్ళు ఉన్నాయి. రెండేళ్ళకే వెనక్కొచ్చి ఆరు, ఏడు మళ్ళీ ఆ జిల్లాలోనే చదివితే మేడ్చల్ లోకల్. పోస్టింగ్ పొడిగించి ఏడు దాకా అక్కడే ఉండిపోతే నాలుగేళ్ళు నిండి హనుమకొండ లోకల్ అవుతాడు. అప్పుడు జిల్లా ఒక్కటే కాదు, జోనూ మల్టీజోనూ (ఉద్యోగాల కోసం కొన్ని జిల్లాలని కలిపి చేసిన విభాగాలు) కూడా మారతాయి. అది మంచా చెడా అని నేను చెప్పలేను, పదిహేనేళ్ళ తర్వాత వాడు గ్రూప్స్ రాస్తాడో అమెరికా వెళ్తాడో ఎవరికి తెలుసు. ఇంజినీరింగ్ సీటుకి మాత్రం దీనితో సంబంధం లేదు. ఏ స్కూల్ మారినా బోనఫైడ్లు అప్పుడే తీసి దాచుకోండి, తర్వాత ఆ స్కూల్ మూతపడితే మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ తిరగాలి.

లెక్కల_మాస్టర్

ఇంకెవరూ చెప్పలేదు కాబట్టి, మీ ఆయన హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) కూడా చూసుకోండి. హైదరాబాద్ ఎక్స్ క్లాస్ సిటీ, బేసిక్ మీద 30 శాతం. వరంగల్ వై క్లాస్, 20 శాతం. డ్యూటీ ఎక్కడో దాన్ని బట్టే ఇస్తారు కాబట్టి మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా అది తగ్గడం ఖాయం. ఆయన ఒక్కరే వెళ్తే అక్కడ ఒక గది అద్దె, ఇక్కడ మీ ఫ్లాట్ మెయింటెనెన్స్, శని ఆదివారాల రాకపోకలు. అందరూ వెళ్తే మీ ఫ్లాట్ అద్దెకిచ్చి ఈఎంఐలో కొంత రాబట్టుకోవచ్చు. ఆ అద్దెలో హనుమకొండ ఇంటి అద్దె వెళ్ళిపోయే అవకాశం ఎక్కువ.

కాజీపేట_జంక్షన్

హబ్సిగూడ అంటే ఇంకేం కావాలి, ఉప్పల్ నుంచి రెండు మూడు స్టేషన్లే. ముందు పదకొండు నెలల అగ్రిమెంట్ మీద తీసుకోండి, అక్కడ ఇల్లు కొనే మాట ఇప్పుడే ఎత్తొద్దు. ఇల్లు చూడ్డానికి వచ్చేది జూలైలో రండి, జనవరిలో కాదు, వాన పడుతున్నప్పుడు చూస్తేనే తమ్ముడు చెప్పిన గీతలు కనిపిస్తాయి. స్కూల్ అప్పటికి మొదలైపోతుంది అంటారేమో, ఆ ఒక్క నెలా బాబుని హబ్సిగూడలో ఉంచేయండి.

బోడుప్పల్_అమ్మాయి

జూలై దాకా ఆగితే స్కూల్‌లో సీటు దొరకదు అంటున్నారు ఆయన. ఈ శనివారం వస్తున్నాం, ఫాతిమానగర్ వైపు చూస్తాం, కిరాణా కొట్టు ఆయన్ని అడుగుతాం. గ్రిల్ కూడా చూస్తాం.