నాన్న ఆర్డీ 350 బైకు అమ్మాలి, ఇంజన్ పట్టేసింది. ఉన్నదున్నట్టు ఇచ్చేయాలా, బాగు చేయించి అమ్మాలా?

గుడివాడ అబ్బాయి:
అందరికీ నమస్తే. మా నాన్న 1986లో కొన్న రాజ్‌దూత్ 350, అదే ఆర్డీ 350 అంటారే ఆ బైకు, గుడివాడలో మా ఇంటి మెట్ల కింద పదిహేనేళ్లుగా అలాగే ఉంది. నాన్న పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఇంటికి రిపేర్లు పెట్టుకున్నాం, మెట్ల కింద ఖాళీ చేయాలి, నేనుండేది హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్ కాబట్టి అక్కడికి తెచ్చుకునే వీల్లేదు. కిక్ రాడ్డు కిందికి దిగడమే లేదు. ట్యాంకు మూత తీస్తే లోపల తుప్పు టీ పొడిలా ఉంది, సీటు ఎలుకలు కొట్టేశాయి, ఒక సైలెన్సర్‌కి అడుగున చిల్లు. పాత ఇనుము కొనేవాళ్లు పన్నెండు వేలన్నారు. ఊళ్లో ఒక మెకానిక్ అరవై వేలిస్తా, రేపే ఆటోలో వేసుకెళ్తా, కాగితాలు తర్వాత చూసుకుందాం అంటున్నాడు, నాకు అక్కడే టెన్షన్. ఇంజన్ చేయించి పెయింట్ కొట్టిస్తే మంచి రేటొస్తుందని మా బావ మాట. ఏం చేయమంటారు?

బెజవాడ టూస్ట్రోక్:
తమ్ముడూ, ముందు ఆ బండిని ఇంట్లోంచి కదలనివ్వకు. అది యమహా ఆర్డీ 350 బీ డిజైన్‌తో ఎస్కార్ట్స్ వాళ్లు 1983 నుంచి ఇక్కడ తయారుచేసిన బండి, 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. మైలేజీ ఇవ్వదు, సామాను ఖరీదు అని అప్పట్లో జనం వెనక్కి తగ్గారు, ఆ దశాబ్దం చివర్లో ఆగిపోయింది, అందుకే ఇప్పుడు పూర్తి సామానుతో దొరికితే వెతుక్కుంటూ వస్తారు. మొదట్లో వచ్చింది హెచ్‌టీ, అంటే హై టార్క్, 30.5 హార్స్‌పవర్, తర్వాత 27కి తగ్గించి ఎల్‌టీ, అంటే లో టార్క్ అన్నారు. నీది 86 కాబట్టి ఎల్‌టీ అయి ఉంటుంది, ప్రకటనలో హెచ్‌టీ అని రాయకు, చూడ్డానికి వచ్చినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

పెయింట్ మాత్రం వద్దే వద్దు. కొత్త రంగు చూస్తే కొనేవాడికి కింద ఏం దాచారో అనే అనుమానమే వస్తుంది. తుప్పు కనిపిస్తే కనిపించనీ. నీ దగ్గర కంపెనీ సామాను ఏమేం ఉందో చూడు: రెండు మికుని కార్బ్యురేటర్లు, టూటీ ఆయిల్ పంపు, మీటర్లు, సైడు డొక్కులు (సీటు కింద రెండు పక్కలా ఉండే మూతలు), రెండు సైలెన్సర్లు, ముందు బ్రేకు డ్రమ్ము. చిల్లు పడినా సరే ఆ సైలెన్సర్ పారేయకు, అతుకు వేసుకోవచ్చు. నేను కొన్న బండికి ఒక సైడు డొక్కు లేదు, దానికోసం ఎనిమిది నెలలు తిరిగాను, బెంగళూరులో దొరికింది, దొరికిన రోజు నా సంతోషం చెప్పలేను.

వరంగల్ సాయి:
బ్రో, నేనైతే వేరేలా చెప్తా. స్టార్ట్ అయ్యే బండికీ అవ్వని బండికీ రేటులో చాలా తేడా. ప్లగ్గులు తీసి ఆయిల్ పోసి రెండ్రోజులు వదిలెయ్, ఫ్రీ అయితే కొంచెం పెట్రోల్ పోసి ఒక్కసారి స్టార్ట్ చేసి వీడియో తీసుకో చాలు.

షెడ్డు మెకానిక్:
సాయి గారూ, ఆయిల్ పోసి వదలడం వరకు కరెక్టే, స్టార్ట్ చేయడం మాత్రం చాలా తప్పు. పదిహేనేళ్లు నిలబడిన టూస్ట్రోక్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండు చివర్లా ఉండే రబ్బరు సీళ్లు రాయిలా గట్టిపడి ఉంటాయి. జనరేటర్ వైపు సీలు లీకైతే గాలి లాగుతుంది, పెట్రోల్ కంటే గాలి ఎక్కువై పిస్టన్ కాలిపోతుంది. క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్ లాగేసి తెల్ల పొగ కక్కుతుంది. ట్యాంకులో తుప్పు పొడి అలాగే ఉండగా పెట్రోల్ పోస్తే అదంతా కార్బ్యురేటర్లలోకి వెళ్తుంది. నిమిషం వీడియో కోసం మంచి సిలిండర్లు గీతలు పడతాయి.

అడిగిన బాబుకి: కిక్ మీద ఎక్కి తొక్కకండి, లోపల పళ్లు విరుగుతాయి. రెండు ప్లగ్గులూ తీసి డీజిల్‌లో ఇంజన్ ఆయిల్ కలిపి కొద్దికొద్దిగా పోయండి, నాలుగైదు రోజులాగి టాప్ గేర్లో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. కదిలితే 'ఇంజన్ తిరుగుతోంది, స్టార్ట్ చేయలేదు' అని రాయండి. కదలకపోతే 'పట్టేసింది' అనే రాయండి.

కాగితాల అన్న:
అసలు సంగతి కాగితాలు. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే మీరు సంతకం పెట్టి అమ్మడం కుదరదు. ఓనర్ చనిపోతే పేరు మార్చే ఫారం 31తో ముందు మీ పేరుకో అమ్మగారి పేరుకో మార్చుకోవాలి, డెత్ సర్టిఫికెట్, మిగతా వారసుల ఒప్పుకోలు అడుగుతారు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉండాలి, అది ఆగిపోయి ఉంటుంది, ఆలస్యానికి ఫీజు వేరే. తిరగని బండి కాబట్టి ఎవరు కట్టాలో కొనేవాడితో ముందే తేల్చుకోండి. అమ్మేటప్పుడు పేరు మార్పిడికి ఫారం 29, 30, బయటి రాష్ట్రమైతే ఎన్‌ఓసీ కోసం 28 కూడా. చాసిస్ నెంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది, ఆర్సీతో సరిచూడండి. 'తర్వాత చూసుకుందాం' అనేవాళ్లకి బండి ఇవ్వకండి, రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినా బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. ఇంకోటి, వింటేజ్ అని రాయొద్దు, చట్టం ప్రకారం ఆ గుర్తింపుకి యాభై ఏళ్లు దాటాలి.

గుడివాడ అబ్బాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం ఊరెళ్లి వచ్చాను. బీరువాలో అమ్మ దాచిన కవర్లో ఒరిజినల్ ఆర్సీ దొరికింది, మూడక్షరాల పాత నెంబరు, పెన్సిల్ అచ్చుతో సరిపోయింది. ఆయిల్ పంపు, కార్బ్యురేటర్లు, రెండు డొక్కులూ ఉన్నాయి. సీటు కింద టూల్ బ్యాగ్ కూడా ఉంది, అందులో నాన్న ప్లగ్గులు తుడుచుకునే గుడ్డ. తడిగుడ్డతో దుమ్ము తుడిచానంతే, ట్యాంకుకి రెండు పక్కలా నాన్న మోకాళ్లు రాసుకుని రంగు పోయిన చోట ఇనుము తేలి కనిపిస్తోంది, అక్కడ ఫొటో దగ్గర్నుంచి తీశాను. ప్లగ్గు రంధ్రాల్లో ఆయిల్ పోశాను, ఇంకా కదల్లేదు. మెకానిక్‌కి ఇవ్వనని చెప్పేశాను. ఫారం 31 పని ఈ వారం మొదలుపెడతాం, అది అయ్యాకే ప్రకటన. అమ్మ ఒక్కటే అడిగింది, విప్పి ముక్కలుగా అమ్ముకునేవాళ్లకి కాకుండా నడుపుకునేవాళ్లకి ఇవ్వమని. అలాంటివాళ్లు ఉంటే ఇక్కడే మెసేజ్ పెట్టండి, ఇంటికొచ్చి పగటి వెలుగులో చూసుకోవచ్చు.