ఎంత చదివినా వైవాలో నోరు పెగలడం లేదు: అనాటమీ ఎలా చదవాలి?

ప్రశ్న – ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం విద్యార్థిని, కర్నూలు

అందరికీ నమస్కారం. మాది ఆదోని దగ్గర పల్లె. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఇప్పుడు అనాటమీ పాఠాలను రెండు మూడుసార్లు చదివి, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీసుకుంటున్నాను. చదివేటప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది కానీ, వారం తిరిగాక వైవాలో (మౌఖిక పరీక్షలో) బ్రాకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక) గురించి అడిగితే రెండో మాట దగ్గరే ఆగిపోతున్నాను. ఇంటర్నల్స్ దగ్గర పడుతున్నాయి. చదివే గంటలు పెంచాలా, పద్ధతి మార్చాలా? సీనియర్లు దయచేసి చెప్పగలరు.

జవాబు – హౌస్ సర్జన్, కడప

చెల్లెమ్మా, గంటలు పెంచవద్దు. పుస్తకం కళ్లముందు ఉన్నంతసేపూ ఎవరికైనా అంతా తెలిసినట్టే ఉంటుంది. వైవాలో పుస్తకం ఉండదు కాబట్టి, చూడకుండా చెప్పడాన్నే రోజూ సాధన చేయాలి. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థుల చేత పాఠాన్ని మళ్లీ చదివించారు, మరికొందరి చేత చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయించారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత మాత్రం చూడకుండా రాసినవారికే ఎక్కువ గుర్తుంది. మీకు జరుగుతున్నదీ అదే.

తెల్ల కాగితం మీద సి5 నుంచి టి1 వరకు 5 రూట్లు (వెన్నుపాము నుంచి వచ్చే నరాల మొదళ్లు), వాటి నుంచి 3 ట్రంకులు, ఒక్కో ట్రంకు రెండుగా చీలితే వచ్చే 6 డివిజన్లు, అవి కలిసి ఏర్పడే 3 కార్డులు గీయండి. చెయ్యి ఆగిన చోటే పుస్తకం తెరిచి, ఆ ఒక్క ముక్క చూసి, మూసేసి, మళ్లీ మొదటి నుంచి గీయండి. ఆ తర్వాత ఏ నెర్వ్ దెబ్బతింటే రోగి ఏ పని చేయలేడో మీకు మీరే ప్రశ్న వేసుకోండి. రేడియల్ నెర్వ్ దెబ్బతిన్నవారి మణికట్టు వాలిపోతుందని, వారు దాన్ని పైకి ఎత్తలేరని ఒకసారి అర్థమైతే ఆ నెర్వ్ దారిని మరచిపోవడం కష్టం. ఇదే బొమ్మను మరునాడు, మూడు రోజులకు, వారానికి చూడకుండా గీయండి.

డిసెక్షన్ హాల్‌లో (శవాన్ని కోసి చూసే గదిలో) వెనక వరుసలో నిలబడవద్దు. కార్డులకు ల్యాటరల్ (బయటి వైపు), మీడియల్ (లోపలి వైపు), పోస్టీరియర్ (వెనక వైపు) అనే పేర్లు చంకలోని ఆక్సిలరీ ధమనికి అవి ఏ వైపున ఉన్నాయో దాన్నిబట్టి వచ్చాయి. ఆ ధమనిని వేలితో పట్టుకుని చూసినప్పుడు ఆ పేర్లను బట్టీ పట్టాల్సిన అవసరమే ఉండదు.

జవాబు – ఫిజియాలజీ పీజీ, అనంతపురం

పై సలహా అనాటమీకి చక్కగా పనికొస్తుంది. ఫిజియాలజీలో మాత్రం ముందు కారణం తెలియాలి, లేకపోతే చూడకుండా రాసినా అది బట్టీయే అవుతుంది. రక్తం పోయినప్పుడు పీడనం తగ్గుతుంది, దాంతో మెడలోని ధమని భాగమైన కెరోటిడ్ సైనస్‌లో రక్తపీడనాన్ని పసిగట్టే బారోరిసెప్టర్ల నుంచి మెదడుకు వెళ్లే సంకేతాలు తగ్గుతాయి, అందువల్ల సింపథెటిక్ వ్యవస్థ (ఆపదలో శరీరాన్ని సిద్ధం చేసే నరాల వ్యవస్థ) విజృంభించి గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఈ వరుసను ముందు మీ రూమ్మేట్‌కు తెలుగులో చెప్పండి అమ్మా; ఆమె అడ్డుపడి ‘ఎందుకు’ అని అడిగిన చోటే మీకు తెలియనిది బయటపడుతుంది. పరీక్ష ఇంగ్లీషులోనే కాబట్టి అదే రోజు దాన్ని ఇంగ్లీషులో అరపేజీ రాసుకోండి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినందుకు మీరు దిగులుపడాల్సిన పని లేదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ధన్యవాదాలు అక్కా, సార్. రాత్రి రెండింటి వరకు మేల్కొంటే తప్ప రోజూ మూడు సబ్జెక్టులూ పూర్తికావడం లేదు. ఏం చేయాలి?

జవాబు – హౌస్ సర్జన్, కడప

రోజూ మూడూ పూర్తి చేయాలనే నియమాన్ని వదిలేయండి. ఆ రోజు డిసెక్షన్‌లో చూసిన భాగాన్ని ఆ సాయంత్రమే గీయండి, రెండో సబ్జెక్టుగా ఫిజియాలజీని గానీ బయోకెమిస్ట్రీని గానీ ఒకటే తీసుకోండి. పగలు నేర్చుకున్నది జ్ఞాపకంలో స్థిరపడటానికి నిద్ర ఎంతో సాయపడుతుంది కాబట్టి, పదకొండింటికి పడుకోండి. పొద్దున్నే ఫోన్ ముట్టుకోకముందే నిన్నటి బొమ్మను చూడకుండా గీసి, ఎక్కడ ఆగారో ఇక్కడ రాయండి; అక్కడి నుంచి కలిసి చూద్దాం.