పాత రేడియోలో ఓసీ71, ఏఎఫ్117 ట్రాన్సిస్టర్లు: తీసెయ్యాలా, ఉంచాలా?

మల్లేశ్వరం_కుర్రోడు:
ఊర్నుంచి తాతయ్య ట్రాన్సిస్టర్ రేడియో బెంగళూరు తెచ్చుకున్నా. ఆన్ చేస్తే బుస్సుమంటుంది గానీ స్టేషన్ ఒక్కటీ పట్టట్లేదు. విప్పితే నల్ల పెయింట్ పూసిన గాజు ఓసీ71 ఒకటి, నాలుగు కాళ్ల రేకు డబ్బాల్లో ఏఎఫ్117లు మూడు కనపడ్డాయి. ఎస్‌పీ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగితే "అవెక్కడ దొరుకుతాయ్ సార్, బీసీ557 వేసెయ్యండి" అన్నాడు. వేసెయ్యొచ్చా?

సోల్డర్_బాబాయ్:
వద్దు తమ్ముడూ. నీవి జెర్మేనియంతో చేసిన ట్రాన్సిస్టర్లు, బీసీ557 సిలికాన్‌తో చేసింది. రెండూ పీఎన్‌పీ రకమే, కానీ జెర్మేనియంకి బేస్ అనే కాలి దగ్గర 0.2 వోల్ట్ చాలు, సిలికాన్‌కి 0.6 దాకా కావాలి, రెసిస్టర్లు మార్చకుండా పెడితే పలకనే పలకదు. బుస్సుమంటోందంటే ఆడియో వైపు బానే ఉన్నట్టుంది, ఓసీ71 జోలికి పోకు.

స్టేషన్ పట్టే వైపు ఉండేవి ఏఎఫ్117లు, అనుమానం వాటి మీదే. డబ్బా లోపలి తగరం పూత నుంచి ఏళ్ల తరబడి వెంట్రుక కంటే సన్నటి మీసాలు మొలుస్తాయి, అవి లోపలి తీగలకి తగిలి షార్ట్. నాలుగో కాలు డబ్బాకి కలిపిన షీల్డ్. దాన్ని బోర్డు నుంచి విప్పి మిగతా మూడింటితో మల్టీమీటర్ పెట్టి చూడు, రీడింగ్ వచ్చిందా, మీసం మొలిచినట్టే. ఒక్క కాలికే తగిలితే షీల్డ్ కట్ చేసి వదిలేస్తే పాడుతుంది, రెండింటికి తగిలితే లాభం లేదు.

పాతసరుకు:
ఆ నల్ల పెయింట్ అందం కోసం కాదు, జెర్మేనియం మీద వెలుతురు పడితే కరెంట్ లీకవుతుంది. అప్పట్లో హాబీవాళ్లు పెయింట్ గీకేసి చవగ్గా ఫొటోట్రాన్సిస్టర్ (వెలుతురుకి స్పందించే ట్రాన్సిస్టర్) చేసుకునేవాళ్లు, నువ్వు మాత్రం గీకకు :)

అసలు ఆ రోజుల్లో ఒకే బ్యాచ్‌లో రెండు పీసులు ఒకేలా వచ్చేవి కాదు, చేశాక టెస్ట్ చేసి వేరు చేసి అమ్మడమే. అమెరికాలో రేథియాన్ వాళ్లు వినికిడి మెషీన్లకి సీకే718 అనే ట్రాన్సిస్టర్ చేసేవాళ్లు, అందులో పాసవ్వనివాటిని 1953లో సీకే722 అని పేరుపెట్టి హాబీవాళ్లకి 7.60 డాలర్లకి అమ్మారు, తర్వాత రేటు 99 సెంట్లకి దిగింది. పక్కకి తీసేసిన సరుకుతోనే ఒక తరం మొత్తం ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంది మరి!

మన బెంగళూరు జాలహళ్లి బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్)లో కూడా 1962లోనే జెర్మేనియం సరుకు మొదలైంది.

మల్లేశ్వరం_కుర్రోడు:
బాబాయ్, మూడు షీల్డులూ విప్పి చూశా. రెండు బానే ఉన్నాయి, ఒకదాంట్లో డబ్బాకి ఎమిటర్, కలెక్టర్ కాళ్లు రెండూ షార్ట్.

సోల్డర్_బాబాయ్:
అది పోయినట్టే. పాత బోర్డులు అమ్మేవాళ్ల దగ్గర ఏఎఫ్127 అడుగు, సరిపోతుంది. అతికేటప్పుడు కాలిని నోస్ ప్లయర్‌తో పట్టుకో, వేడి దానిలోకి పోతుంది, జెర్మేనియం వేడికి తట్టుకోదు.