1942 ఏప్రిల్ 6 విశాఖ: కథకి వివరాలు కావాలి

విశాఖ మీద జపాన్ బాంబులు పడిన రోజు మీద కథ ఇది. సోమవారం అన్నది పక్కా. పౌర్ణమి దాటి ఐదు రోజులు, కాబట్టి ఆ రాత్రి తొలిజాములో వెన్నెల రాయకూడదు. ఇవి పంచాంగంతో తేలిపోతాయి.

తేలనివి వేరే. వన్‌టౌన్ జనం ఊరొదిలింది ఎడ్లబళ్ల మీదా, రైల్లోనా? బండి బాడుగ ఎంత పలికింది? దీపాలు కనపడకూడదని దండోరా వేశారా? కిరసనాయిలు దొరికేదా?

తాతలు చెప్పినవీ కావాలి, కానీ ఏళ్లు గడిచాక ఒక ఏడు సంగతి ఇంకో ఏడులో కలిసిపోతుంది. అందుకే నాటి ఉత్తరాలు, ఇంటి పద్దు పుస్తకాలు ఉంటే ఫొటో పెట్టండి. ఉత్తరమైతే పోస్టు ముద్ర తేదీ కనపడాలి. ఆ వారం తెలుగు పత్రికల పాత సంచికలు విశాఖలో ఏ లైబ్రరీలో చూడనిస్తారు?