కంచి, మహాబలిపురం ఒకే రోజులో చూడాలంటే ఏది ముందు?

వేలచ్చేరి నివాసి:

మా అమ్మానాన్నలు రాజమండ్రి నుండి శుక్రవారం రాత్రికి చెన్నై చేరుకుని, ఆదివారం సాయంత్రం రైలుకు తిరిగి వెళతారు. తిరగడానికి మాకు మిగిలేది శనివారం ఒక్కటే. అమ్మకు కామాక్షి అమ్మవారి దర్శనం కావాలి, పదేళ్ల మా అబ్బాయికి మహాబలిపురం కావాలి, నాన్నగారికేమో మోకాళ్ల నొప్పులు. సొంత కారు ఉంది. మొత్తం చుట్టు సుమారు 200 కిలోమీటర్లు వస్తోంది కాబట్టి కష్టం కాదనిపిస్తోంది. ఎండ ముదరకముందే మహాబలిపురం చూసుకుని, ఆ తరువాత కంచికి వెళ్లాలన్న నా ఆలోచన సరైనదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

తాంబరం తెలుగువాడు:

అలా మాత్రం వెళ్లకండి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది దూరం కాదు, గుడి తలుపులు. కంచిలో ప్రధానమైన ఆలయాలన్నీ మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకల్లా మూసివేసి మళ్లీ నాలుగు గంటలకు గాని తెరవరు. మహాబలిపురంలోని కట్టడాలు పురావస్తు శాఖ అధీనంలో ఉన్నందున ఉదయం ఆరు నుండి సాయంత్రం ఆరు వరకు మధ్యలో విరామం లేకుండా తెరిచే ఉంటాయి. మేము ఒకసారి మీరు అనుకున్న క్రమంలోనే వెళ్లి, సరిగ్గా పన్నెండుంపావుకు కామాక్షి అమ్మవారి గుమ్మం ముందు నిలబడ్డాము. నాలుగు గంటల వరకు కాలక్షేపం చేయడానికి పట్టుచీరల దుకాణంలో కూర్చోవలసి వచ్చింది. అలా కాలక్షేపం చేస్తే ఎంత ఖర్చవుతుందో మీరే ఊహించుకోండి!

ఉదయం అయిదున్నరకు బయలుదేరి, పూందమల్లి, శ్రీపెరుంబుదూరు మీదుగా వెళితే ఏడున్నరలోపే కంచిలో ఉంటారు. అమ్మవారి దర్శనం అయ్యాక ఏకామ్రేశ్వరుడిని చూసుకోండి. అక్కడి రాజగోపురాన్ని 1509లో కట్టించినది మన శ్రీకృష్ణదేవరాయలే కనుక, నాన్నగారు లోపల ఎక్కువ నడవలేకపోయినా బయటి నుండైనా తప్పక చూపించండి. పదకొండు గంటలలోపు వరదరాజస్వామి కోవెలకు చేరుకోగలిగితే బంగారు బల్లిని తాకడం కూడా అవుతుంది. అత్తి వరదరాజస్వామిని చూడవచ్చా అని అమ్మ అడిగితే మాత్రం ముందే చెప్పి ఉంచండి: నలభై ఏళ్లకొకసారి కోనేటి నుండి వెలుపలికి వచ్చే ఆ స్వామి చివరిసారిగా వచ్చినది 2019లో.

శిల్పాల పిచ్చివాడు:

పై క్రమంతో ఏకీభవిస్తాను గాని, పట్టికలో ఒక లోటు ఉంది. కంచి వరకు వెళ్లి కైలాసనాథాలయం చూడకుండా రావడం నాకు మింగుడుపడదు. ఎనిమిదో శతాబ్ది తొలినాళ్లలో పల్లవ రాజసింహుడు ఇసుకరాతితో కట్టించిన గుడి అది. ప్రాకారం చుట్టూ వరుసగా 58 చిన్న గుడులు, వాటిలో అక్కడక్కడ మిగిలిన వర్ణచిత్రాల జాడలు కనిపిస్తాయి. చాళుక్య రెండవ విక్రమాదిత్యుడు కంచిని గెలిచి కూడా ఈ గుడి సంపదను తిరిగి దేవుడికే ఇచ్చివేశానని అక్కడే కన్నడంలో శాసనం చెక్కించాడు. మహాబలిపురంలోని తీర దేవాలయం కూడా ఆ రాజసింహుడిదే కనుక, ఉదయం ఇది చూసి సాయంత్రం అది చూస్తే రెండు ఊళ్లకూ ఉన్న చుట్టరికం కళ్లకు కడుతుంది. జనం తక్కువ, నడక తక్కువ. మీ నాన్నగారికి ఏకామ్రేశ్వరాలయం కన్నా ఇదే సుఖం. అయితే ఇదీ మధ్యాహ్నం మూసేస్తారు, పైగా చెప్పులు విడిచి నడవాలి కనుక రాయి కాలకముందే వెళ్లండి. నా మాట వింటే నాలుగు గుళ్లు వద్దు, మూడు చాలు.

ఈసీఆర్ ప్రయాణికుడు:

మధ్యాహ్నపు భాగం గురించి చెబుతాను. కంచిలో భోజనం చేసి ఒంటిగంటకు బయలుదేరితే వాలాజాబాద్, చెంగల్పట్టు, తిరుక్కళుకుండ్రం మీదుగా మహాబలిపురం సుమారు 65 కిలోమీటర్లు. తిరుక్కళుకుండ్రం అంటే మన పెద్దలు చెప్పే పక్షితీర్థమే. ఆ పేరు వినగానే అమ్మ కారు ఆపమంటారు. కొండకు అయిదు వందలకు పైగా మెట్లు ఉన్నాయి, ఒకప్పుడు నైవేద్యానికి వచ్చే గద్దలు ఇప్పుడు రావడం లేదు. కిందినుండే దండం పెట్టించి ముందుకు సాగండి.

మహాబలిపురంలో పంచ రథాలకు, తీర దేవాలయానికి కలిపి ఒకే టికెట్టు ఉంటుంది, దానిని పారవేయకండి. ముందు రథాలు, తరువాత అర్జునుడి తపస్సు శిల్పం, అయిదు గంటలలోపు తీర దేవాలయం. ఆ తపస్సు శిల్పంలో ఒంటికాలిపై నిలబడి దొంగ తపస్సు చేసే పిల్లిని, దాని చుట్టూ చేరిన ఎలుకలను మీ అబ్బాయినే వెతకమనండి. కృష్ణుడి వెన్నముద్ద అని పిలిచే పెద్ద గుండ్రని బండరాయి ఆ పక్కనే ఉంది. శనివారం సాయంత్రం ఈసీఆర్ (చెన్నైకి తిరిగి వచ్చే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద రద్దీ ఎక్కువ కనుక, ఇంటికి చేరేది ఎనిమిదిన్నర అని అనుకుని బయలుదేరండి.

వేలచ్చేరి నివాసి:

అందరికీ ధన్యవాదాలు. కామాక్షి, కైలాసనాథుడు, బంగారు బల్లి, ఆపైన మహాబలిపురం అని నిశ్చయించుకున్నాము. రాయలవారి గోపురాన్ని కారులోనుండే చూస్తామని నాన్నగారు ఒప్పుకున్నారు. పట్టుచీరల దుకాణాల మాట ఇంట్లో ఇంకా ఎత్తలేదు.