నడక పోటీకి పిల్లలు రావడం లేదు, ఏం చేయాలి?

కావలి పీఈటీ: మా హైస్కూల్లో రేస్ వాక్‌కి ఒకప్పుడు ఏడెనిమిది మంది ఉండేవాళ్లు. ఈ ఏడు ఇద్దరే మిగిలారు. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి నడుస్తుంటే గోడ మీద కూర్చున్న కుర్రాళ్లు నడుము ఊపుతూ వెక్కిరించారు. మర్నాటి నుంచి ఆ పిల్ల గ్రౌండ్‌కి రాలేదు. వీళ్లని మళ్లీ ఎలా రప్పించాలి?

ఒంగోలు మాజీ వాకర్: మాస్టారూ, పరుగులో వెనకబడ్డ వాళ్లనే నడకకి పంపుతున్నారా? నన్నూ అలాగే పంపారు. పనికిరానివాళ్ల ఆట అన్న ముద్ర పడితే ఇక ఎవరూ రారు. ఓపికున్న మంచి రన్నర్లు ఇద్దరితో మొదలుపెట్టండి.

నడుము ఎందుకు తిరుగుతుందో అందరికీ చెప్పండి. ఏదో ఒక కాలు ఎప్పుడూ నేల మీద ఉన్నట్టు కంటికి కనపడాలి. ముందు కాలు నేలకి తగిలినప్పటి నుంచి ఒళ్లు దాని మీదికి నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. ఇలా వేగంగా పోవాలంటే నడుము తిరగాల్సిందే. ఆ కుర్రాళ్లనే పిలిచి ట్రాక్ గీత మీద 200 మీటర్లు నడిపించండి. మోకాలి కింద ముందువైపు కండ పట్టేస్తే వాళ్లకే తెలుస్తుంది.

నెల్లూరు నుంచి ఒక అమ్మ: మా పాప ఎర్రకార్డు టెన్షన్‌తోనే మానేసింది సార్. నడక తప్పని ముగ్గురు జడ్జీలు ఎర్రకార్డు రాశారు, పోటీ నుంచి బయటికి పంపేశారు. రాత్రంతా ఏడ్చింది.

ఒంగోలు మాజీ వాకర్: పాపం, ఆ బాధ నాకు తెలుసమ్మా. పిల్లల చేతే జడ్జీ పని చేయించాలి. జడ్జీలు హెచ్చరికగా చూపించేలాంటి పసుపు అట్టలు రెండు చేయండి. ఒకదాని మీద అల లాంటి గీత, అంటే కాళ్లు రెండూ గాల్లోకి లేచాయని. రెండోదాని మీద మోకాలు వంగిందన్న గుర్తు. ఇద్దరు నడుస్తుంటే ఇద్దరు చూసి చూపించాలి. ఎదుటివాళ్ల తప్పు పట్టడం వస్తే తమ తప్పూ తెలుస్తుంది. మొబైల్లో స్లో మోషన్ తీసి చూపించొచ్చు, కానీ జడ్జీ చూసేది కంటితోనే. పెనాల్టీ జోన్, అంటే తప్పు చేసినవాళ్లని కాసేపు ఆపే చోటు, పెట్టిన పోటీల్లో మూడు ఎర్రకార్డులు పడినా బయటికి పంపరు. 10 కిలోమీటర్లయితే ఒక నిమిషం ఆపి వదులుతారు.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ప్రియాంక గోస్వామి 10,000 మీటర్లు 44 నిమిషాల లోపే నడిచి వెండి పతకం తెచ్చింది. మాస్టారూ, ఆ వీడియో ముందు మీ తొమ్మిదో తరగతి అమ్మాయికి చూపించండి.

కావలి పీఈటీ: సాయంత్రం వాళ్లింటికే వెళ్తున్నాను. అట్టలు ఎంత సైజు ఉండాలి?

ఒంగోలు మాజీ వాకర్: అరచేయంత చాలు. ఐస్‌క్రీమ్ పుల్లకి అతికించండి.